చిన్న తెరచాప పడవలో కప్పు, కడుగుడు, ఉప్పు

తెరచాప పడవలో చుక్కాని పట్టే మనిషి కూర్చునే పల్లపు భాగాన్ని కాక్‌పిట్ అంటారు. అది పడవ వెనుక వైపు, లోపలి గదికి ఆనుకుని, పైన ఏ కప్పూ లేకుండా ఉంటుంది. పడవ నడిచినంతసేపూ అందరూ ఉండేది అక్కడే. లంగరు వేశాక వంటకూ, స్నానానికీ, బట్టలు ఉతకడానికీ చోటు కావాలన్నా అదే దిక్కు, ఎందుకంటే లోపలి గదిలో చాలాసార్లు తల ఎత్తి నిలబడే వీలుండదు. 1942లో స్వీడన్‌లో రూపు దిద్దుకుని ఉత్తర ఐరోపా అంతటా వ్యాపించిన ఫోక్‌బోట్ పొడవు 7.68 మీటర్లు, వెడల్పు 2.20 మీటర్లు. ఇద్దరు మనుషులు వారాల తరబడి ఉండాల్సిన ఇల్లు అది. కాక్‌పిట్ మీద ఒక గుడ్డ కప్పు పడితే ఆ ఇంటికి రెండో గది వచ్చినట్టే.

అయితే వాన తగలకపోతే చాలు, పొడిగా ఉన్నట్టే అనుకోవడం పొరపాటు. పడవలోకి తడి మూడు దారుల్లో వస్తుంది: పైనుంచి పడే నీరు, లోపలి మనుషులూ పొయ్యీ వదిలే ఆవిరి, గుడ్డల్లో చేరిన ఉప్పు పీల్చుకునే చెమ్మ. కప్పు మొదటిదాన్ని ఆపుతుంది, రెండోదాన్ని పెంచుతుంది. మూడోదానికి కడుగుడు ఒక్కటే మందు. అందుకే కప్పు సంగతీ కడుగుడు సంగతీ విడివిడిగా చూస్తే రెండూ సగమే అర్థమవుతాయి.

కప్పుల్లో రకాలున్నాయి. గది తలుపు ముందు ఉక్కు కమ్మీల మీద నిలిచే అర్ధచంద్రాకారపు గుడ్డ స్ప్రేహుడ్. ముందు నుంచి ఎగిరిపడే అలల తుంపరను అది ఆపుతుంది, ప్రయాణంలోనూ తెరిచే ఉంచుతారు. ఎండ దేశాల్లో నెత్తిమీద నీడకు కట్టేది బిమినీ. పడవను ఒడ్డున వదిలి వెళ్లేటప్పుడు కాక్‌పిట్ మీద బల్లపరుపుగా బిగించేది టానో కప్పు. తెరచాప అడుగు అంచును పట్టి ఉంచే అడ్డకొయ్యను బూమ్ అంటారు. దాని మీదుగా గుడ్డ వేసి రెండు వైపులా పడవ అంచులకు కడితే అది బూమ్ టెంట్, అంటే పడవ మీది గుడారం. ఇంగ్లండ్‌లో ఇయన్ ప్రాక్టర్ 1957లో రూపొందించిన వేఫేరర్ పొడవు 4.82 మీటర్లే, దానికి గది అసలే లేదు. అలాంటి పడవలో ఫ్రాంక్ డై అనే నావికుడు 1963లో స్కాట్లాండ్ నుంచి ఐస్‌లాండ్‌కూ, మరుసటి ఏడాది నార్వేకూ వెళ్లాడు. ఇంత చిన్న పడవల్లో రాత్రి గడపాలంటే బూమ్ మీది గుడారమే పైకప్పు, అదే గోడలు.

మరీ తెగువైన ఏర్పాటు బ్లాండీ హాస్లర్ అనే నావికుడిది. ఆయన తన ఫోక్‌బోట్ జెస్టర్‌లో కాక్‌పిట్‌నే తీసేసి, దాని మీదుగా చెక్క పరిచి, నడుమ ఒక గుండ్రటి ద్వారం పెట్టాడు. ఆ ద్వారం మీద మడిచి తెరిచే గుడ్డ గొడుగు గాలి వచ్చే దిక్కుకు తగ్గట్టు తిరుగుతుంది. 1960లో అట్లాంటిక్ మీదుగా జరిగిన మొదటి ఒంటరి నావికుల పోటీలో ఆ పడవతో ఆయన రెండో స్థానంలో నిలిచాడు. సముద్రంలో పొడిగా ఉన్నవాడే ఎక్కువకాలం సరిగా ఆలోచించగలడని ఆయనకు బాగా తెలుసు.

బల్లపరుపు కప్పుతో పెద్ద చిక్కు నీరు నిలవడం. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన కురిస్తే 1 లీటరు నీరు. 3 చదరపు మీటర్ల కప్పు గుంటపడి 50 మిల్లీమీటర్ల వానను పట్టుకుంటే 150 కిలోల బరువు. కుట్లు తెగడానికి అంత అక్కర్లేదు. అందుకే ఏ కప్పుకైనా నడుమ వెన్నులా ఎత్తు ఉండాలి, రెండు వైపులా వాలు ఉండాలి. గాలి సంగతి ఇంకోలా ఉంటుంది. 2.4 చదరపు మీటర్ల గుడ్డ గోడ మీద సెకనుకు 15 మీటర్ల వేగంతో గాలి తగిలితే సుమారు 33 కిలోల బరువుకు సమానమైన తోపు పడుతుంది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు. లంగరు వేసిన పడవకు వెనుక భాగంలో కొంత గుడ్డ ఉండటం మేలే, అది పడవ ముక్కును గాలికి ఎదురుగా నిలుపుతుంది. కానీ తుపాను గాలి మొదలవుతుందనగా కప్పు దించకపోతే మొదట పోయేది కప్పే.

ఇక గుడ్డ. పాతకాలపు కాన్వాసు నూలుది. నూలు పోగులు తడిస్తే ఉబ్బుతాయి, ఉబ్బి వాటి మధ్య సందులను మూసేస్తాయి. మొదటి నాలుగు చినుకులకు కాస్త కారినా, తర్వాత గుడ్డే తనను తాను బిగించుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సముద్రంలో పడిపోయిన బ్రిటిష్ విమానచోదకుల దుస్తులకు మాంచెస్టర్‌లోని షర్లీ సంస్థ తయారు చేసిన వెంటైల్ అనే గుడ్డ పూర్తిగా ఈ గుణం మీదే ఆధారపడింది. నూలుకు శత్రువు బూజు. పోగులోని సెల్యులోజే దానికి తిండి. ఇంగ్లండ్ తీరపు జాలరులు తెరచాపలనూ వలలనూ కాచు కలిపిన వేడి నీళ్లలో నానబెట్టేవారు. అది భారతదేశం, బర్మాల నుంచి వెళ్లిన సరుకే. చండ్ర చెట్టు చేవను ఉడికించి తీసే, తాంబూలంలో పడే కాచే అది. అందులోని టానిన్లు బూజును అడ్డుకునేవి. పాత బొమ్మల్లో ఆ పడవల తెరచాపలు ఎర్రమట్టి రంగులో కనిపించడానికి ఒక కారణం ఆ కాచే.

ఇప్పుడు కప్పులకు ఎక్కువగా వాడేది అక్రిలిక్. అమెరికాలోని గ్లెన్ రావెన్ కంపెనీ 1961లో సన్‌బ్రెల్లా పేరుతో దీన్ని తెచ్చింది. దారం తీయకముందే, ముడి పదార్థం ద్రవంగా ఉన్నప్పుడే రంగు కలిపేస్తారు గనుక ఎండకు వెలవదు. అక్రిలిక్ పోగును బూజు తినలేదు. అయితే పోగుల మధ్య చేరిన దుమ్మునూ, పుప్పొడినీ, పక్షుల రెట్టనూ తింటుంది. అందువల్ల బూజు పట్టిన అక్రిలిక్ కప్పు అంటే మురికి పట్టిన కప్పు అనే అర్థం. ఈ గుడ్డ నూలులా ఉబ్బదు. దాని సందులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి, గాలి ఆడుతూనే ఉంటుంది. వాన మాత్రం లోపలికి రాదు, కారణం నీటి తలతన్యత. పోగుల మీద పూసిన నీరంటని పూత వల్ల చినుకు గుండ్రంగా ముడుచుకుంటుంది, సన్నటి సందులోకి దూరడానికి దానికి గట్టి ఒత్తిడి కావాలి. ఆ ఒత్తిడి తలతన్యతతో పాటే పెరుగుతుంది, దానితో పాటే తగ్గుతుంది.

సబ్బు ప్రమాదం ఇక్కడే ఉంది. శుద్ధమైన నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. డిటర్జెంటు కలిసిన నీటిలో అది 30 దగ్గరికి పడిపోతుంది. కప్పును సబ్బుతో కడిగి సరిగా జాడించకుండా ఆరేస్తే, తర్వాతి వానకు ఆ మిగిలిన సబ్బు చినుకులో కరిగి, చినుకును పల్చగా పరిచి, గుడ్డ గుండా లోపలికి లాగుతుంది. కప్పు పాతబడి కారుతోందని చాలామంది అనుకునేది నిజానికి సబ్బు మిగలడం వల్లే. ఉప్పు స్ఫటికాలది మరో చెడుగు. గుడ్డ మడిచిన చోట అవి పోగులను గరుకు కాగితంలా ఒరుస్తాయి. సముద్రపు నీటితో కప్పు కడగడమంటే దాన్ని అరగదీయడమే.

ఆవిరి దగ్గరికి వస్తే లెక్క ఇంకా కఠినం. నిద్రపోయే మనిషి ఊపిరి, చర్మం ద్వారా గంటకు సుమారు 40 గ్రాముల నీటిని గాలిలోకి వదులుతాడు. ఇద్దరు ఎనిమిది గంటలు పడుకుంటే 600 గ్రాములు దాటుతుంది. గ్యాసు పొయ్యి కూడా నీటినే పుట్టిస్తుంది: 100 గ్రాముల బ్యూటేన్ మండితే 155 గ్రాముల ఆవిరి. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఘనమీటరు గాలి పట్టుకోగలిగింది 9.4 గ్రాములే. గుడారం, గది కలిసి 10 ఘనమీటర్లు అనుకుంటే, చల్లటి రాత్రి ఆ గాలి మొత్తానికీ మోయగల ఆవిరి 94 గ్రాములు. మిగతాది బయటికి పోవాలి, లేకపోతే గుడ్డ లోపలి వైపు నీటి బొట్లయి పక్కల మీద పడాలి. ప్లాస్టిక్ పూత ఉన్న పీవీసీ గుడ్డ వానను ఆపడంలో అక్రిలిక్ కంటే మెరుగే, కానీ ఆవిరిని బొత్తిగా వదలదు. రాత్రి నిద్రకు కట్టే గుడారానికి అది తగదు. గాలి కదలడానికి కింద ఒక సందు, వెన్ను దగ్గర ఒక సందు ఉండాలి. వెచ్చటి తేమగాలి పైనుంచి పోతుంటే చల్లటిది కింద నుంచి వస్తుంది. ఒకే ఎత్తులో రెండు సందులు పెడితే గాలి లేని రాత్రి అవి దాదాపు దండగ.

ఈ సందులు ప్రాణానికి కూడా సంబంధించినవి. గాలి చాలని చోట ఇంధనం మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. 2013 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని విండర్‌మియర్ సరస్సులో ఒక మోటారు పడవలో కప్పు అన్ని వైపులా మూసి, జనరేటర్ నడుస్తుండగా నిద్రపోయిన తల్లీకూతుళ్లు చనిపోయారు. బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు సంస్థ విచారణలో, సొంతంగా మార్చి అమర్చిన పొగగొట్టం నుంచి విషవాయువు లోపలికి చేరిందని తేలింది. గుడారం కింద వంట చేసేటప్పుడు కనీసం ఒక వైపు పూర్తిగా ఎత్తి ఉంచాలి. చలి కాచుకోవడానికి పొయ్యి వెలిగించడం, బొగ్గుల కుంపటి పెట్టడం ఎంత చలైనా చేయకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి మోగే అలారం అరచేతిలో పట్టే వస్తువు, కప్పు ఉన్న ప్రతి పడవలోనూ అది ఉండి తీరాలి.

కప్పు కింద స్నానం, ఉతుకు మొదలుపెడితే ముందుగా ఎదురయ్యేది మంచినీటి కొరత. చిన్న పడవ ట్యాంకులో 50 నుంచి 100 లీటర్లకు మించి పట్టవు. ఇంట్లో షవరు కింద పది నిమిషాల్లో పోయే నీళ్లు అవి. చుట్టూ సముద్రం ఉంది కదా అంటే, మామూలు సబ్బుకు సముద్రపు నీరు పడదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. కాఠిన్యం లెక్కలో అది 6,000 మిల్లీగ్రాముల పైమాటే. వేరే నీరు దొరకని చోట తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ అనుమతించే గరిష్ఠ కాఠిన్యం 600. సబ్బులోని కొవ్వు ఆమ్లాలు ఈ లోహాలతో కలిసి నీటిలో కరగని తెల్లటి జిడ్డు మడ్డిగా విరిగిపోతాయి. దానికి తోడు ఉప్పు కూడా సబ్బును నీటిలో నిలవనివ్వదు. సబ్బు తయారీలో ముద్దను నీటి నుంచి వేరు చేయడానికి ఉప్పు వేసేది ఈ గుణాన్ని బట్టే.

కొబ్బరినూనె సబ్బు దీనికి కొంత మినహాయింపు. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాని గొలుసులో 12 కర్బన పరమాణువులే ఉంటాయి, పశువుల కొవ్వులో ఎక్కువగా ఉండే స్టియరిక్ ఆమ్లంలో 18. గొలుసు చిన్నదైతే ఉప్పునీటిలోనూ కరుగుతుంది, నురగ వస్తుంది. పాతకాలపు ఓడల్లో సముద్రపు సబ్బు పేరిట ఇచ్చింది కొబ్బరినూనె సబ్బునే. ఈ రోజుల్లో షాంపూలు, గిన్నెలు తోమే ద్రవాలు కృత్రిమ డిటర్జెంట్లు గనుక కాల్షియంతో అంతగా విరగవు, సముద్రపు నీటిలోనూ పని చేస్తాయి. ఫోక్‌బోట్ పుట్టిన బాల్టిక్ సముద్రం సంగతి వేరు. అక్కడి మధ్యభాగపు నీటిలో కిలోకు 7 గ్రాముల ఉప్పే, మహాసముద్రంలో 35. ఆ నీటితో ఉతకడం చాలా తేలిక.

నురగ రావడం వేరు, బట్ట ఆరడం వేరు. సముద్రపు నీటితో ఉతికిన బట్ట ఎండలో గలగలలాడేలా ఎండుతుంది, రాత్రికి మళ్లీ తడుస్తుంది. వానాకాలంలో వంటింటి డబ్బాలో రాళ్ల ఉప్పు చెమ్మగిల్లడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. గాలిలో తేమ 75 శాతం దాటితే సోడియం క్లోరైడ్ నీటిని పీల్చుకుని కరగడం మొదలవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికి 33 శాతం తేమే చాలు. సముద్రం మీద గాలి అంత పొడిగా ఉండే రోజు అరుదు. అంటే ఉప్పు పట్టిన దుప్పటి, పరుపు, చొక్కా పూర్తిగా ఆరడం దాదాపు జరగని పని. ఉప్పు తడి ఒంటికి రాసుకుని, చర్మం ఒరిసి, కూర్చునే చోట పుండ్లు పడతాయి. దూరప్రయాణాల్లో నావికులను బాధపెట్టే మామూలు జబ్బుల్లో ఇదొకటి. కప్పు ఎంత మంచిదైనా లోపలికి తెచ్చిన ఉప్పును ఆపలేదు. తడి బట్టలు విప్పి కాక్‌పిట్‌లోనే ఉంచి, ఒళ్లు తుడుచుకుని, పొడి బట్టలతోనే గదిలోకి దిగాలన్న పాత ఆచారం ఇందుకే.

కాబట్టి చివరి జాడింపు మంచినీటితోనే జరగాలి. తక్కువ నీటితో ఎక్కువ ఉప్పు పోగొట్టే కిటుకు ఒకటుంది. పిండిన బట్టల్లో అర లీటరు సముద్రపు నీరు మిగిలిందనుకుంటే అందులో 17.5 గ్రాముల ఉప్పు ఉంటుంది. 4 లీటర్ల మంచినీటిలో ఒకేసారి జాడించి మళ్లీ అంతే గట్టిగా పిండితే సుమారు 1.9 గ్రాములు మిగులుతాయి. అదే 4 లీటర్లను రెండు భాగాలు చేసి రెండుసార్లు జాడిస్తే మిగిలేది 0.7 గ్రాము. నీరు అంతే, ఉప్పు మూడో వంతుకు పడిపోయింది. గట్టిగా పిండడం ఇందులో సగం పని. రెండో జాడింపు నీటిని పారబోయకుండా తర్వాతి బట్టలకు మొదటి జాడింపుగా వాడుకోవచ్చు. ఉతకడానికి మూత బిగుసుకునే బకెట్‌లో బట్టలు, నీళ్లు, కొద్దిగా డిటర్జెంటు వేసి కాక్‌పిట్ మూల కట్టేస్తే చాలు. పడవ ఊగుడే రెండు గంటల్లో మురికి వదిలిస్తుంది. ఆరేయడం మాత్రం కప్పు బయట, పడవ అంచు తీగల మీద. గుడారంలో ఆరేస్తే బట్టల నీరంతా ఆవిరై రాత్రి గుడ్డ లోపలి నుంచి బొట్లుగా దిగుతుంది.

స్నానానికీ ఇదే క్రమం. సముద్రంలో మునిగి, షాంపూతో ఒళ్లు రుద్దుకుని, మళ్లీ మునిగి, ఆపైన మంచినీటితో కడుక్కోవాలి. ఒంటికి ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల సముద్రపు నీరు అంటుకుని ఆరిపోతే 7 గ్రాముల ఉప్పు మిగులుతుంది. ఆరకముందే తువ్వాలుతో తుడిస్తే ఆ ఉప్పులో చాలా భాగం తువ్వాలుకే పోతుంది, మంచినీరు ఒకటి రెండు లీటర్లతో సరిపెట్టుకోవచ్చు. మొక్కలకు మందు కొట్టే చేతి పంపు డబ్బా, కొత్తది, మందు ఎన్నడూ తాకనిది, దీనికి చక్కటి షవరు. వేడినీళ్లకు 10 లీటర్ల నల్ల ప్లాస్టిక్ సంచిని ఎండలో పెడతారు. ఆ నీటిని 20 డిగ్రీలు వేడెక్కించడానికి 840 కిలోజౌళ్లు కావాలి. మంచి ఎండలో రెండు మూడు గంటల పని. కప్పు చాటు ఇస్తుంది, గాలి తగలనివ్వదు. కాక్‌పిట్ నేల అలల నీరు బయటికి పోయేలా రంధ్రాలతో కట్టినదే గనుక స్నానపు నీరూ వాటి గుండానే పోతుంది.

వాన కురిసే రోజు కప్పే నీటి వనరు. 4 చదరపు మీటర్ల గుడ్డ మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 40 లీటర్లు, దాదాపు ట్యాంకులో సగం. బొంబాయిలో కట్టిన సుహైలీ పడవలో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968 జూన్ నుంచి 1969 ఏప్రిల్ వరకు 312 రోజులు ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టివచ్చాడు. దారిలో ట్యాంకుల నీరు చెడిపోతే ఆయనను ఆదుకున్నది వాననీరే. అయితే మొదటి కొన్ని నిమిషాల వాన గుడ్డ మీది ఉప్పును, రెట్టను కడుగుతుంది. దాన్ని వదిలేయాలి. నాలుక మీద వేసుకుంటే ఉప్పదనం తగలనప్పటి నుంచే పట్టాలి. రసాయన పూత కొత్తగా పూసిన కప్పు నీటిని తాగడానికి వాడకుండా ఉతుకుకు వాడటం మంచిది.

కడిగిన నీరు ఎక్కడికి పోతుందన్నదీ ఆలోచించాల్సిందే. ఓడల కాలుష్యంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం మార్పోల్ మరుగుదొడ్డి నీటిని కట్టడి చేస్తుంది కానీ స్నానపు నీటినీ వంటింటి నీటినీ అందులో చేర్చలేదు. చట్టం అడగలేదు గనుక హాని లేదనుకోకూడదు. డిటర్జెంటు చేపల మొప్పల పొరను దెబ్బతీస్తుంది, ఫాస్ఫేట్లు నాచును విపరీతంగా పెంచుతాయి. ఐరోపా సంఘం 2013 జూన్ చివరి నుంచి ఇళ్లలో వాడే బట్టల డిటర్జెంట్లలో ఫాస్ఫేట్లను బాగా తగ్గించింది. మట్టిలో కలిసిపోతుందని అట్ట మీద రాసి ఉన్న సబ్బు కూడా కలిసిపోవడానికి సమయం తీసుకుంటుంది. నీరు కదలని చిన్న ఖాతంలోనూ, సరస్సులోనూ సబ్బు వాడకుండా, ప్రవాహమున్న లోతు నీటిలో, సరిపడినంతే వాడటం పద్ధతి.

చివరగా కప్పునే కడగడం. ముందు ఎండు దుమ్ము దులిపి, మంచినీటితో ఉప్పు పోయేదాకా తడిపి, 38 డిగ్రీలు మించని నీటిలో మెత్తటి సబ్బుతో, మెత్తటి బ్రష్‌తో కడిగి, సబ్బు జాడ లేకుండా జాడించి, గాలికి ఆరేయాలి. పారదర్శకమైన పీవీసీ కిటికీలను పొడి గుడ్డతో తుడిస్తే ఉప్పు గీతలు పడతాయి, ముందు నీరు పోయాల్సిందే. అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవం వాటిని మసకబారుస్తుంది. ఆరాక నీరు గుడ్డ మీద బొట్లుగా నిలవకుండా పరుచుకుంటుంటే పూత అరిగిందని తెలుసుకుని కొత్త పూత వేయాలి. టిచ్ బటన్లూ జిప్పులూ ఉప్పు పట్టి బిగుసుకుంటాయి గనుక వాటికీ మంచినీటి జాడింపు కావాలి. ఎండ దెబ్బకు గుడ్డ కంటే ముందు పోయేది దారం. పాలియెస్టర్ కుట్టు గోటితో గీకితే తెగుతోందంటే గుడ్డ ఎంత బాగున్నా వచ్చే గాలివానకు అది నిలవదు. శీతకాలంలో పడవ ఒడ్డున ఉన్నప్పుడే దర్జీ చేత కొత్త దారంతో కుట్టు మీద కుట్టు వేయించాలి.